1937లో ఎగిరిన రాడార్ 1940 దాకా ఏం చేసింది? తొలి విమాన రాడార్ల చరిత్ర పరిశోధన

నిశాచరుడు రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. విమానాల్లో అమర్చిన తొలి రాడార్ల గురించి ఒక తెలుగు సైన్సు మాసపత్రికకు వ్యాసం రాస్తున్నాను. చిత్తుప్రతి పూర్తిచేసి, నాలుగు రోజులు పక్కన పెట్టి, మళ్ళీ చదువుకుంటే ఒకచోట కథ అతకడం లేదని నాకే అనిపించింది. ఆ అతకని చోటును మీ ముందు పెడుతున్నాను.

1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ దగ్గర రాబర్ట్ వాట్సన్-వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ చేసిన ప్రయోగంతో బ్రిటిష్ రాడార్ కథ మొదలవుతుంది. బీబీసీ షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రం వెలువరించే 49 మీటర్ల తరంగాలు ఒక హేఫోర్డ్ బాంబర్‌కు తగిలి వెనక్కి రావడాన్ని వారు పొలంలో నిలిపిన వ్యానులో కూర్చుని గమనించారు. అప్పటికి రెండున్నరేళ్ళకు, 1937 సెప్టెంబరు 4న, ఎడ్వర్డ్ బోవెన్ అనే ఇరవయ్యారేళ్ళ వేల్స్ యువకుడు ఒక ఆవ్రో ఆన్సన్ విమానంలో తన పరికరంతో ఉత్తర సముద్రం మీదికి వెళ్ళి, మబ్బులు కమ్మిన వాతావరణంలో కరేజస్, రాడ్నీ, సౌతాంప్టన్ అనే యుద్ధనౌకల జాడ పట్టుకున్నాడు. వాతావరణం బాగాలేదని కోస్టల్ కమాండ్ (బ్రిటిష్ వైమానిక దళపు తీర గస్తీ విభాగం) విమానాలు ఆ రోజు గాలింపు మానుకున్నాయి. కరేజస్ విమానవాహక నౌక కనుక, దాని మీది నుంచి లేచిన విమానాల ప్రతిధ్వనులు కూడా బోవెన్ తెర మీద కనిపించాయి.

అంటే నౌకనూ విమానాన్నీ ఆకాశం నుంచే పట్టుకోగల యంత్రం 1937లోనే ఉంది. కానీ అటువంటి యంత్రం సాయంతో శత్రు విమానం మొదటిసారి కూలింది 1940 జులైలో. మధ్యలో దాదాపు మూడేళ్ళు గడిచాయి. నేను చదివిన వ్యాసాలన్నీ ఈ మూడేళ్ళను "మరిన్ని మెరుగుదలల తరవాత" అనే ఒక్క ముక్కతో దాటేస్తున్నాయి. ఆ మెరుగుదలలేమిటో, అంత కాలం ఎందుకు పట్టిందో చెప్పగలవారు దయచేసి వివరించండి.

పాత వాల్వు రాశారు:

నిశాచరుడు గారూ, వైమానిక దళంలో రాడార్ల మరమ్మతు విభాగంలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి కనుక ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు నా చెయ్యి ముందుగా కరెంటు తీగ దగ్గరికే పోతుంది. చరిత్ర రాసేవారు ఏరియల్ గురించి, తెర గురించి రాస్తారు కానీ, యంత్రానికి విద్యుత్తు ఎక్కడి నుంచి వచ్చిందని అడగరు.

తీరం వెంబడి నిలబెట్టిన చెయిన్ హోమ్ రాడార్లకు వందల అడుగుల ఎత్తు స్తంభాలు, గది నిండా యంత్రాలు ఉండేవి. దానిని విమానంలో ఎక్కించాలంటే ముందు తరంగదైర్ఘ్యాన్ని మీటరు దగ్గరికి దించాలి, లేకపోతే ఏరియల్ రెక్కకన్నా పొడుగవుతుంది. అంత చిన్న తరంగాల దగ్గర శక్తినిచ్చే వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన ఎలక్ట్రానిక్ గొట్టాలు) అప్పట్లో బ్రిటన్‌లో సులభంగా దొరికేవి కావు. అందుకే 1936లో బోవెన్ బృందం సగం పనే చేసింది. ట్రాన్స్‌మిటర్‌ను నేల మీద ఉంచి, 6.7 మీటర్ల తరంగాలను అందుకునే రిసీవర్‌ను మాత్రమే హేఫోర్డ్‌లో పెట్టి ఎగిరింది. తరవాత అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి చిన్న వాల్వులు (తలుపు గుబ్బలా ఉంటాయని వాటికి ఆ పేరే పడింది) చేతికి వచ్చాకనే 1.25 మీటర్ల దగ్గర పనిచేసే పూర్తి యంత్రం ఆన్సన్‌లోకి ఎక్కింది.

రిసీవర్ సంగతి మరీ చిత్రంగా ఉంటుంది. బీబీసీ 1936 నవంబరులో అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ చిత్ర ప్రసారం 45 మెగాహెర్ట్జ్ దగ్గర సాగేది కనుక ఆ పౌనఃపున్యాన్ని చక్కగా పెంచి ఇచ్చే సర్క్యూట్లను టీవీ కంపెనీలు అప్పటికే తయారుచేసి పెట్టుకున్నాయి. కేంబ్రిడ్జిలోని పై (Pye) అనే కంపెనీ టీవీల కోసం చేసిన అటువంటి సర్క్యూట్ పట్టీని బోవెన్ బృందం తీసుకుని, దానినే విమాన రాడార్ రిసీవర్‌కు వెన్నెముకగా చేసింది. అందులో ఉండేది ఫిలిప్స్ వారి ఇ.ఎఫ్.50 వాల్వు. అడుగున తొమ్మిది కాళ్ళు, ఒంటి నిండా లోహపు తొడుగు. మా శిక్షణ రోజుల్లో ఒక బోధకుడు ఎర్ర రంగు వేసిన ఇ.ఎఫ్.50ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా బల్ల మీద పెట్టుకునేవారు. అది ఏమిటో అడిగినవాడికి అరగంట పాఠం, అడగనివాడికి ఏమీ లేదు.

ఇక కరెంటు. ఆనాటి విమానాల్లో ఉన్నది లైట్లకూ రేడియోకూ సరిపడే డీసీ జనరేటరు మాత్రమే. బోవెన్ మెట్రోపాలిటన్-వికర్స్ కంపెనీని ఒప్పించి, ఆ పాత జనరేటరు ఉండే చోటనే ఇమిడే కొలతలతో, ఇంజను తిప్పే 80 వోల్టుల ఏసీ ఆల్టర్నేటర్‌ను చేయించాడు. ఇంజను వేగాన్ని బట్టి దాని పౌనఃపున్యం మారిపోయేది కానీ, ట్రాన్స్‌ఫార్మర్‌తో కావలసినంత ఎక్కువ వోల్టేజీకి మార్చుకునే వీలు చిక్కింది. ఆ 80 వోల్టుల ఏర్పాటే తరవాత యుద్ధమంతా బ్రిటిష్ విమాన రాడార్లకు ప్రమాణమైంది. మీ మూడేళ్ళలో కొంత భాగం ఇక్కడ ఖర్చయింది.

భౌతిక పాఠం రాశారు:

పాత వాల్వు గారు యంత్రం లోపలి సంగతి చెప్పారు. నేను కాలేజీలో తరంగాల పాఠం చెప్పేదాన్ని కనుక యంత్రం బయట జరిగినది చెబుతాను. అసలు చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం.

పగటిపూట దాడులను చెయిన్ హోమ్ సాయంతో తిప్పికొడితే శత్రువు రాత్రివేళ వస్తాడని బ్రిటన్ గగన రక్షణ పరిశోధన కమిటీ అధ్యక్షుడు హెన్రీ టిజార్డ్ 1936లోనే ఊహించారు. చెయిన్ హోమ్ కొలతలో కొన్ని మైళ్ళ తేడా ఉన్నా పగలు ఇబ్బంది లేదు, పైలట్ కళ్ళు మిగిలిన పని చేస్తాయి. రాత్రిపూట పైలట్‌కు ఎదుటి విమానం కనిపించేది సుమారు 1,000 అడుగుల లోపలే. ఆ కొన్ని మైళ్ళకూ ఈ వెయ్యి అడుగులకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చడానికే విమానంలో రాడార్ కావలసి వచ్చింది. మామూలుగా రాడార్ గొప్పతనాన్ని అది ఎంత దూరం చూస్తుందన్న దానితో కొలుస్తాం. ఇక్కడ ఎంత దగ్గర చూడగలదన్నది కూడా అంతే ముఖ్యం.

రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. రాడార్ విడతలవారీగా పంపే చిన్న తరంగపు తునక, అంటే పల్స్, ఒక మైక్రోసెకను సాగితే, 150 మీటర్ల లోపలి వస్తువుల నుంచి వచ్చే ప్రతిధ్వని, మనం ఇంకా కేక వేస్తూ ఉండగానే చెవికి చేరుతుంది. తొలి యంత్రాల్లో పల్స్ ఇంతకన్నా పొడుగు. పైగా ట్రాన్స్‌మిటర్ ఠక్కున ఆగేది కాదు, గుడిగంట మోగాక హోరు మిగిలినట్టు కాసేపు మోగుతూ ఉండేది. ఫలితంగా శత్రు విమానం తెర మీద అందంగా దగ్గరవుతూ వచ్చి, పైలట్ కంటికి కనిపించవలసిన ఆఖరి క్షణంలో ఆ హోరులో కలిసిపోయి మాయమయ్యేది. చివరికి 1940లో ఈ.ఎం.ఐ. సంస్థలో అలన్ బ్లూమ్‌లైన్ పల్స్‌ను పదునుగా మొదలుపెట్టి పదునుగా తుంచే మాడ్యులేటర్‌ను రూపొందించాక ఎ.ఐ. (ఎయిర్‌బోర్న్ ఇంటర్‌సెప్షన్, శత్రు విమానాన్ని పట్టే విమాన రాడార్) మార్క్ 4 అనే నమూనాలో ఈ సమస్య అదుపులోకి వచ్చింది.

రెండో హద్దు దూరం వైపున ఉంది. మీటరున్నర తరంగాన్ని విమానం మోయగలిగే ఏరియల్‌తో సన్నని పుంజంగా మలచలేం, అది అన్ని వైపులకూ పరుచుకుని నేలకు కూడా తగులుతుంది. నేల నుంచి వచ్చే ప్రతిధ్వని బ్రహ్మాండంగా ఉండి, దాని వెనక ఉన్నవాటినన్నిటినీ కప్పేస్తుంది. విమానం 4,500 మీటర్ల ఎత్తున ఉంటే ఆ గోడ సరిగ్గా 4,500 మీటర్ల దూరాన లేస్తుంది, దానికి అవతల ఏమున్నా కనిపించదు. కిందికి దిగిన కొద్దీ చూపు కురచ అవుతుంది.

మార్క్ 4 ఆపరేటరు రబ్బరు ముసుగులో ముఖం పెట్టి చూసేది రెండు చిన్న గుండ్రటి తెరలను. ఒకదానిలో నిలువు గీత, దానికి కుడిఎడమల మొలిచే ముళ్ళు; ఇంకొకదానిలో అడ్డ గీత, దానికి పైనా కిందా మొలిచే ముళ్ళు. కుడి ముల్లు పొడుగైతే శత్రువు కుడివైపున ఉన్నట్టు, పై ముల్లు పొడుగైతే పైన ఉన్నట్టు. గీత చివర నేల ప్రతిధ్వని క్రిస్మస్ చెట్టు ఆకారంలో నిలబడి ఉండేది. ఊగుతున్న విమానంలో, చీకట్లో, ఈ రెండు ముళ్ళ తేడాను కంటితో అంచనా కట్టి, పైలట్‌కు "కొంచెం ఎడమకు, కొంచెం పైకి" అని ఎడతెగకుండా చెప్పే మనిషి కావాలి. అటువంటివారిని తయారుచేయడానికీ సమయం పట్టింది.

సందేహి రాశారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. నాదొక సందేహం. నేను ఇంతవరకు చదివినంతలో విమాన రాడార్‌ను సాధ్యం చేసినది క్యావిటీ మాగ్నెట్రాన్ (పొట్టి తరంగాలను ఎక్కువ శక్తితో పుట్టించే వాల్వు) అనే రాశారు. మీ ఇద్దరూ దాని పేరైనా ఎత్తలేదు. అలాగే ఆ మొదటి కూల్చివేత తేదీ ఒకచోట 1940 జులై 22 అని, ఇంకొకచోట 23 అని ఉంది. ఏది సరైనది?

దస్త్రాల పురుగు రాశారు:

ఉద్యోగరీత్యా లండనులో ఉంటున్నాను. సెలవు దొరికితే అక్కడి క్యూ (Kew) ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు పోయి కూర్చోవడం నా వ్యసనం. సందేహి గారి ప్రశ్నలకు ముందు జవాబిస్తాను.

తేదీలు రెండూ సరైనవే. రాత్రి యుద్ధం సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటుతుంది కనుక 22/23 అని గీత పెట్టి రాయడం వైమానిక చరిత్రకారుల పద్ధతి. ఆ గీతను వదిలేసి ఒకరు ముందు అంకెను, మరొకరు వెనక అంకెను తీసుకుంటారు. ఆ రాత్రి ఫైటర్ ఇంటర్‌సెప్షన్ యూనిట్‌కు చెందిన బ్లెన్‌హైమ్ విమానం ఒక జర్మన్ బాంబర్‌ను, డోర్నియర్ 17ను, కూల్చింది. పైలట్ గ్లిన్ ఆష్‌ఫీల్డ్, పరిశీలకుడు జెఫ్రీ మోరిస్, రాడార్ దగ్గర కూర్చున్నవాడు సార్జెంట్ రెజినాల్డ్ లేలాండ్. మీరు మూడు పేర్లూ రాయండి. చాలామంది పైలట్ పేరు మాత్రమే రాసి ఊరుకుంటారు, పట్టుకున్నది లేలాండ్ అయినా.

మాగ్నెట్రాన్‌ను జాన్ రాండల్, హ్యారీ బూట్ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో మొదటిసారి పనిచేయించినది 1940 ఫిబ్రవరి 21న. దాదాపు 10 సెంటీమీటర్ల తరంగం దగ్గర అది 400 వాట్లు ఇచ్చింది. అంటే 1937 ఆన్సన్‌కూ, 1940 బ్లెన్‌హైమ్‌కూ, ఆ నవంబరులో తొలి విజయం సాధించిన బ్యూఫైటర్ అనే రాత్రి యుద్ధ విమానానికీ దానితో సంబంధమే లేదు, అవన్నీ మీటరు తరంగాల యంత్రాలే. మాగ్నెట్రాన్ చేసినది రెండో అధ్యాయం. సన్నని పుంజం సాధ్యమై, భౌతిక పాఠం గారు చెప్పిన ఆ నేల గోడ తొలగిపోయింది. 10 సెంటీమీటర్ల ఎ.ఐ. యంత్రాలు దళానికి చేరేసరికి 1942 వచ్చింది. రెండు అధ్యాయాలనూ కలిపి ఒకే వాక్యంలో రాయడం వల్లనే మీరు చదివిన పొరపాటు పుట్టింది.

దానికి సంబంధించి, ఈ రంగంలో తవ్వేవారందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. 1940 సెప్టెంబరులో, బ్రిటన్ సాంకేతిక రహస్యాలను అమెరికాతో పంచుకోవడానికి వెళ్ళిన టిజార్డ్ బృందంతో బోవెన్ ఒక మాగ్నెట్రాన్‌ను అమెరికాకు పట్టుకెళ్ళాడు. దానికి నకళ్ళు చేయడానికి బెల్ ల్యాబ్స్‌వారు చూస్తే బొమ్మల్లో తరంగాన్ని పుట్టించే గదులు (క్యావిటీలు) ఆరు ఉన్నాయి, ఎక్స్‌రే తీస్తే వస్తువులో ఎనిమిది ఉన్నాయి. ఈ లోపల బ్రిటన్‌లో నమూనా మారింది, వెంట పంపిన బొమ్మలు మారలేదు. వారు వస్తువునే నమ్మి ఎనిమిది గదులతో చేశారు.

ఇక వెతికే పద్ధతి. "రాడార్" అనే మాట అమెరికా నౌకాదళంలో 1940లో పుట్టింది, బ్రిటన్ దానిని అధికారికంగా స్వీకరించింది 1943లో. అంతకు ముందరి బ్రిటిష్ కాగితాల్లో ఉండేది ఆర్.డి.ఎఫ్. అనే సంకేతం. విమానంలోని యంత్రం ఆర్.డి.ఎఫ్.2, ట్రాన్స్‌మిటర్ నేల మీద ఉండే సగం ఏర్పాటు ఆర్.డి.ఎఫ్. ఒకటిన్నర. శత్రు విమానాన్ని పట్టేది ఎ.ఐ., నౌకను పట్టేది ఎ.ఎస్.వి. రాడార్ అని టైపు చేసి వెతికితే 1937 నాటి దస్త్రం ఒక్కటీ మీ ముందుకు రాకపోవచ్చు. సంస్థ పేరు కూడా అలాగే మారుతూ పోయింది. బాడ్సీ రీసెర్చ్ స్టేషన్ అన్నది ఎయిర్ మినిస్ట్రీ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ అయి, చివరికి 1940 నవంబరులో టెలికమ్యూనికేషన్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ అయింది. పరిశోధన దస్త్రాలు ఏవియా 7 శ్రేణిలోనూ, నివేదికలు ఏవియా 26లోనూ, స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు ఎయిర్ 27లోనూ, పైలట్ల పోరాట నివేదికలు ఎయిర్ 50లోనూ ఉంటాయి.

నిశాచరుడు గారి మూడేళ్ళలో సంస్థ తిరిగిన ఊళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలి. యుద్ధం ప్రకటించగానే బాడ్సీ తీరం సురక్షితం కాదని అందరినీ స్కాట్లండులోని డండీకి తరలించారు. విమాన రాడార్ బృందం అక్కడి నుంచి పెర్త్ దగ్గరి చిన్న విమానాశ్రయానికి, ఆ శీతాకాలంలోనే వేల్స్‌లోని సెయింట్ ఆథన్‌కు, 1940 మే నెలలో దక్షిణ తీరంలోని స్వానేజ్ ప్రాంతానికి మారింది. ఎనిమిది నెలల్లో పరికరాలన్నీ నాలుగుసార్లు పెట్టెల్లో సర్దుకున్న బృందం ఎంత పని చేయగలదో ఇల్లు మారినవారందరికీ తెలుసు. సెయింట్ ఆథన్‌లో చలికి వణుకుతూ వారు చేసిన పని కూడా పరిశోధన కాదు, బ్లెన్‌హైమ్‌లకు యంత్రాలు బిగించడం.

విశాఖ తీరం రాశారు:

చర్చంతా ఆకాశంలోనే తిరుగుతోంది. 1937లో ఆన్సన్ పట్టుకున్నవి ప్రధానంగా నౌకలన్న సంగతిని మరిచిపోవద్దని మనవి. ఆ ఆగస్టు 17న ఇదే విమానం మొదటిసారి ఎగిరినప్పుడు పట్టినవి కూడా ఫెలిక్స్‌స్టో తీరంలోని ఓడలే. సముద్రం మీద రాడార్ పని సులువు. నీరు తరంగాలను చాలావరకు అవతలికి నెట్టేస్తుంది, నౌక ఇనుప గోడ తిరిగి పంపుతుంది, పారిపోయే వేగమూ తక్కువే. అందుకే ఎ.ఎస్.వి. మార్క్ 1 యంత్రాలు 1940 తొలి నెలల్లోనే హడ్సన్, సండర్లాండ్ విమానాల్లో గస్తీకి వెళ్ళాయి. మీ వ్యాసంలో మూడేళ్ళ ఆలస్యమని రాసేటప్పుడు అది ఎ.ఐ.కి మాత్రమే వర్తిస్తుందని ఒక మాట చేర్చండి.

అయితే ఎ.ఎస్.వి. చెప్పేది "అక్కడ ఒక నౌక ఉంది" అన్నంతవరకే, ఎవరి నౌకో చెప్పదు. 1941 మే 26న జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ కోసం బ్రిటిష్ విమానవాహక నౌక ఆర్క్ రాయల్ నుంచి లేచిన స్వార్డ్‌ఫిష్ విమానాలు రాడార్‌లో కనిపించిన నౌక మీదికి మబ్బులు చీల్చుకుని దూకి టార్పెడోలు వదిలాయి. అది బ్రిటిష్‌వారి సొంత క్రూయిజర్ షెఫీల్డ్. కొన్ని టార్పెడోలు నీళ్ళలో పడగానే వాటంతట అవే పేలాయి, మిగిలినవాటిని నౌక తప్పించుకుంది. ఆ పేలుళ్ళ వల్ల టార్పెడోల అయస్కాంత పేలుడు మూతల లోపం బయటపడి, రెండో దాడికి నౌకకు తగిలితేనే పేలే మామూలు మూతలు బిగించారు. ఆ సాయంత్రం బిస్మార్క్ చుక్కాని చెడినది ఆ రెండో దాడిలోనే.

జలాంతర్గాముల విషయంలో దగ్గరి చూపు సమస్య మళ్ళీ వచ్చింది. రాత్రి దాడిలో చివరి మైలు దగ్గర ప్రతిధ్వని సముద్రపు హోరులో కలిసిపోయేది. దానికి దొరికిన మందు రాడార్ కాదు, దీపం. హంఫ్రీ లీ అనే అధికారి ప్రతిపాదించిన పెద్ద సెర్చిలైటును వెల్లింగ్టన్ విమానానికి తగిలించి, రాడార్ చూపు ఆగిన చోట దానిని వెలిగించారు. 1942 జూన్ 4న బిస్కే అఖాతంలో ఇటలీ జలాంతర్గామి లూయిజి టొరెల్లీ ఈ వెలుగులో మొదట చిక్కింది. కొద్ది నెలలకే జర్మన్లు మెటాక్స్ అనే గ్రాహకంతో మీటరున్నర తరంగాలను పసిగట్టి ముందే మునగడం నేర్చారు. 1943 మార్చి నుంచి 10 సెంటీమీటర్ల ఎ.ఎస్.వి. వచ్చాక మెటాక్స్‌కు ఏమీ వినిపించలేదు.

విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు పెట్టిన టీయూ-142 విమానాన్ని చూసినవారికి దాని పొట్ట కింద ఉబ్బెత్తుగా ఉండే గుమ్మటం గుర్తుండే ఉంటుంది. అది సముద్రాన్ని గాలించే రాడార్ గూడు. పిల్లలు దాని కింద నిలబడి ఫొటోలు దిగుతారు, అది ఏమిటని అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

సందేహి రాశారు:

దస్త్రాల పురుగు గారూ, తేదీ గీత సంగతి చాలా ఉపయోగపడింది. ఇంకొక అనుమానం. 1940 నవంబరు నాటికి మార్క్ 4 ఉంది, బ్యూఫైటర్ ఉంది. కానీ ఆ నెల 14 రాత్రి కోవెంట్రీ నగరం కాలిపోయింది. అప్పుడు ఈ రాడార్ ఏమైంది? మరి జర్మన్ల దగ్గర ఇటువంటిది లేదా?

భౌతిక పాఠం రాశారు:

కోవెంట్రీ రాత్రి బ్రిటిష్ రాత్రి యుద్ధ విమానాలు ఒక్కదాన్ని కూడా కూల్చలేకపోయాయి. అయిదు రోజుల తరవాత, నవంబరు 19/20 రాత్రి, జాన్ కనింగ్‌హామ్ పైలట్‌గా, జాన్ ఫిలిప్‌సన్ రాడార్ ఆపరేటరుగా ఉన్న బ్యూఫైటర్ ఒక జంకర్స్ 88ను కూల్చింది. అది మార్క్ 4తో బ్యూఫైటర్‌కు తొలి విజయం. కానీ ఒక పిట్ట దొరికినంత మాత్రాన వల సిద్ధమైనట్టు కాదు.

లోటు విమానంలో లేదు, నేల మీద ఉంది. ఇందాక చెప్పినట్టు 4,500 మీటర్ల ఎత్తున ఎగిరే విమానం చూపు నాలుగున్నర కిలోమీటర్లు. చెయిన్ హోమ్ చూపు సముద్రం వైపు మాత్రమే, తీరం దాటి లోపలికి వచ్చిన బాంబర్‌ను చూపు, వినికిడితో పరిశీలకులు అనుసరించవలసిందే. కనుక యుద్ధ విమానాన్ని ఆ నాలుగున్నర కిలోమీటర్ల లోపలికి తీసుకుపోయి విడిచేవారు లేరు. 1941 మొదటి నెలల్లో జీ.సీ.ఐ. (నేల మీది నుంచి యుద్ధ విమానానికి దారి చూపే) రాడార్ కేంద్రాలు వచ్చాయి. తిరిగే ఏరియల్, పటంలా గుండ్రంగా చూపే తెర, దాని ముందు కూర్చుని ఒక బాంబర్‌నూ ఒక యుద్ధ విమానాన్నీ ఒకే తెర మీద చూస్తూ దారి చెప్పే నియంత్రకుడు, ఈ మూడూ కలిశాక వల బిగిసింది. రాత్రి యుద్ధ విమానాల విజయాలు 1941 జనవరిలో 3, మార్చిలో 22, మే నెలలో 96. విమానంలోని యంత్రం అదే మార్క్ 4. ఈ 96 అన్నీ రాడార్ వల్లనే కాదు, వెన్నెల రాత్రుల్లో కంటితో వేటాడినవారివి కూడా ఉన్నాయి కనుక అంకెను వాడేటప్పుడు ఆ సంగతి చెప్పండి.

మరొక చిన్న మాట. ఈ విజయాలకు కారణమడిగిన పత్రికలకు రాడార్ పేరు చెప్పలేక, పైలట్లు క్యారెట్లు బాగా తింటారని ప్రచారం చేశారు. కనింగ్‌హామ్‌కు "పిల్లి కళ్ళవాడు" అని పేరు పడిపోయింది, ఆయనకు ఆ పేరు నచ్చేది కాదు. మా తరగతిలో ఈ కథ చెబితే ఒక విద్యార్థి "మా అమ్మ ఇప్పటికీ ఆ ప్రచారం చేస్తోందండీ" అన్నాడు.

పాత వాల్వు రాశారు:

జర్మన్ల సంగతి నేను చెబుతాను. వారి దగ్గర టెలిఫంకెన్ చేసిన లిక్టెన్‌స్టైన్ ఉంది, సుమారు 490 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. 1941 ఆగస్టు 9న లుడ్విగ్ బెకర్ దానితో తొలి విజయం సాధించాడు. సాంకేతికంగా చూస్తే బ్రిటిష్ మీటరున్నర యంత్రం కన్నా పొట్టి తరంగం. అయినా దాని ఏరియల్ చట్రం ముక్కు మీద పరుపు స్ప్రింగుల్లా పొడుచుకు వచ్చి విమాన వేగాన్ని తగ్గించేదని పైలట్లు మొదట్లో దానిని అంతగా ఇష్టపడలేదు.

ఈ కథలో పరిశోధకునికి ఉపయోగపడే మలుపు 1943 మే 9న వచ్చింది. ఒక జర్మన్ రాత్రి యుద్ధ విమానం, జంకర్స్ 88 ఆర్-1, స్కాట్లండులోని డైస్ విమానాశ్రయంలో లొంగిపోయి దిగింది, లిక్టెన్‌స్టైన్ యంత్రం చెక్కుచెదరకుండా బ్రిటిష్‌వారి చేతికి చిక్కింది. ఆ విమానం ఇప్పటికీ రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆ జులై 24/25 రాత్రి హాంబర్గ్ మీద బ్రిటిష్‌వారు విండో అనే అల్యూమినియం పూత కాగితపు పట్టీలను మొదటిసారి వెదజల్లారు. ఒక్కొక్క పట్టీ పొడవు 27 సెంటీమీటర్లు, అంటే నేల మీది వుర్జ్‌బర్గ్ రాడార్ తరంగంలో సగం. లిక్టెన్‌స్టైన్ తరంగం కూడా ఆ దగ్గరిదే కనుక రెండూ ఒకేసారి గుడ్డివయ్యాయి. తరవాత జర్మన్లు పట్టీల కొలతకు అందకుండా పొడుగు తరంగాల ఎస్.ఎన్.-2కు మారారు. అందరూ పొట్టి తరంగాల వైపు పరుగెడుతుంటే వీరు వెనక్కి నడవవలసి రావడం మాత్రం విచిత్రం.

నిశాచరుడు రాశారు:

మూడు రోజుల్లో మూడేళ్ళకు లెక్క తేలింది. ఒక్క విషయంలో సలహా కావాలి. నేను ఎక్కువగా ఆధారపడినది బోవెన్ తన జ్ఞాపకాల్లో రాసినదాని మీద. దానిని ఎంతవరకు నమ్మవచ్చు?

దస్త్రాల పురుగు రాశారు:

ఆ జ్ఞాపకాలు అచ్చయినది 1987లో, అంటే ఆన్సన్ ఎగిరిన యాభై ఏళ్ళకు. యంత్రాల విషయంలో ఆయన జ్ఞాపకం గట్టిది. మనుషుల విషయంలో జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే సంస్థ అధిపతి రోతో ఆయనకు పడేది కాదు, దగ్గరి చూపు సమస్య ఎవరివల్ల ఆలస్యమైందన్నది వారి మధ్య పాత తగాదా. అదే బృందంలో పనిచేసిన రాబర్ట్ హాన్బరీ బ్రౌన్ కూడా జ్ఞాపకాలు రాశారు. ఆయన పుట్టినది మనకు దగ్గరలోనే, నీలగిరి కొండల్లో కార్డైట్ కర్మాగారం ఉన్న అరువంకాడులో, 1916లో. తరవాత నక్షత్రాల వ్యాసాన్ని కొలిచే పద్ధతితో ఖగోళ శాస్త్రంలో పేరు పొందారు. ఇద్దరి మాటలనూ పక్కపక్కన పెట్టి, ఏకీభవించని చోట ఏవియా 7 దస్త్రంలో ఆ వారం కాగితం వెతకండి.

మౌనం కూడా ఆధారమే. బ్లూమ్‌లైన్ 1942 జూన్ 7న కొత్త నేల పరిశీలన రాడార్ హెచ్2ఎస్‌ను పరీక్షిస్తున్న హాలిఫాక్స్ విమానం కూలి మరో పది మందితో పాటు మరణించాడు. రహస్యం కోసం ఆ వార్తను యుద్ధకాలంలో బయటికి రానివ్వలేదు. ఆనాటి పత్రికల్లో వెతికి ఏమీ కనబడక, ఆయన పాత్ర చిన్నదని రాసినవారున్నారు.

నిశాచరుడు రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. వ్యాసం మొదటి పేరాను ఇలా మార్చాను, దయచేసి చూడండి.

"1937 సెప్టెంబరు 4 ఉదయం బోవెన్ తన రాడార్‌ను ఆన్సన్ విమానంలో సర్దుకుని ఉత్తర సముద్రం వైపు బయలుదేరాడు. ఆ యంత్రానికి టీవీ సర్క్యూట్ వెన్నెముక, అమెరికా వాల్వులు ఊపిరి. అది నౌకలను కనిపెట్టింది. విమానాలను వేటాడడానికి మాత్రం మరో మూడేళ్ళు ఆగవలసి వచ్చింది. పల్స్‌ను తుంచే సర్క్యూట్, ముళ్ళను చదివే మనిషి దొరికేదాకా అది ఒంటరిదే. నేల మీద దారి చెప్పే గది దొరకడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది."

దస్త్రాల పురుగు రాశారు:

బాగుంది. రెండు దిద్దుబాట్లు. "ఉదయం" అన్న మాటకు దినచర్య పుస్తకంలో గంట చూశాకనే చోటివ్వండి. బోవెన్ మనసులోంచి రాస్తున్న వాక్యంలో "తన రాడార్‌ను" అనకండి, ఆ రోజుకు ఆ మాట ఇంకా పుట్టలేదు. "తన పరికరాన్ని" అంటే సరిపోతుంది.